బతికున్నవాడి పేరు మీద

శామీర్‌పేట బస్టాపులో ఆ సాయంత్రం తాహెరా తన కొడుకును పిలిచింది. మెల్లగా పిలిచే అలవాటు ఆమెకు లేదు. కరీంనగర్ రోడ్డు మీద లారీల మోతతో పోటీపడి పెరిగిన గొంతు అది. కొత్తిమీర మడిలోంచి కేకేస్తే చెరువుకట్ట మీద గొర్రెలు కూడా తలెత్తి చూస్తాయి. కొడుకు తాహా అప్పుడే కాలేజీ బస్సు దిగి, భుజాన బ్యాగుతో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆమెకు వీపు చేసి నిలబడి ఉన్నాడు.

"తాహా! అరే ఓ తాహా!"

అతడు కదలలేదు. ఆమె ఇంకోసారి పిలిచింది. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు కానీ, ఆ పేరు గలవాడు మాత్రం తిరగలేదు. అంతలో రోడ్డవతల పండ్లబండి దగ్గర ఎవరో ఆవిడ "ఓ పరమేశ్!" అని తన మనిషిని కేకేసింది. తాహా చప్పున అటు తిరిగి, "ఆఁ, వస్తున్న!" అన్నాడు.

తాహెరాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు కాస్తా సగంలో ఆగిపోయింది. ఇటు తిరిగిన కొడుకు ఆమెను చూసిన చూపులో, దారిన పోయే పెద్దమనిషిని చూసినప్పుడు ఉండే మర్యాద ఉంది. ఒక్క క్షణమే. ఆ తర్వాత ముఖం మామూలైంది. "అమ్మీ! నువ్వెప్పుడొచ్చినవ్?" అన్నాడు.

"పిలిచి పిలిచి గొంతెండిపోయింది. చెవుల ఏం బెట్టుకున్నవ్ బేటా? ఎవనికో పరమేశ్‌కు పలికినవేంది?"

"ఏమో అమ్మీ. ఇనబడలే."

మర్నాడే ఆమె అతణ్ని అల్వాల్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడాయన. పాటలు తగ్గించమని నాలుగు చీవాట్లు పెట్టి పంపేశాడు. మనం ఇంతే కదా! పిల్లవాడిలో ఏదో తేడా కనిపించగానే చెవులో కళ్ళో చూపించి ఊపిరి పీల్చుకుంటాం. వాణ్ని ఎవరు ఏ పనిలో పెట్టారో అడగం.

తాహా చదువుతున్నది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య, ఒకప్పటి ద్రాక్షతోటల్లో లేచిన ఒక ఇంజనీరింగు కాలేజీలో. అది రెండువేల పన్నెండో సంవత్సరం, అతడికి ఆఖరి ఏడాది. ఆ ఏడాదే కాలేజీ ఒక కొత్త పద్ధతి పెట్టింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు సొంతంగా నడిపే సర్టిఫికేషన్ పరీక్ష పాసై వస్తే చాలు, ఆ విద్యార్థి క్లాసులో ఒక సబ్జెక్టు చదవనక్కర్లేదు. ఆ సబ్జెక్టుకు రావలసిన క్రెడిట్లను డిగ్రీలో కలిపేస్తారు.

ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. మనిషి ఎక్కడ నేర్చుకున్నా విద్య విద్యే. నాలుగు గోడల బయట నేర్చినదానికి కాలేజీ విలువ కట్టడం న్యాయం, ఎప్పుడో చేయవలసిన పని. అయితే మనవాళ్ళకు ఒక తొందర ఉంది. పరీక్షలు మొదలు కాకముందే కాలేజీ గేటు మీద పెద్ద హోర్డింగు లేచింది: 'మా విద్యార్థులందరూ సర్టిఫైడ్!' ఫలితం గోడెక్కింది, చదువు ఇంకా గేటు దాకా రాలేదు. ఇక ఆ హోర్డింగును నిజం చేసే బాధ్యత చక్రపాణి సార్ మీద పడింది.

చక్రపాణి ఆ కార్యక్రమానికి కో-ఆర్డినేటరు. చెడ్డవాడిలా కనిపించడు. మెత్తగా మాట్లాడతాడు, పిల్లల పేర్లన్నీ గుర్తుంచుకుంటాడు. మాదిరి పరీక్ష పెట్టి చూస్తే క్లాసు మొత్తంలో గట్టెక్కినవాడు ఒక్క తాహానే. ఆ రోజే అతణ్ని తన గదికి పిలిచాడు.

"వచ్చిన విద్యను పదిమందికీ ఉపయోగపెట్టాలి తాహా. నీ స్నేహితులు మిగతా సబ్జెక్టులతో నలిగిపోతున్నారు. వాళ్ళ తరఫున నువ్వు రాసిపెడితే ఎవరికి నష్టం? నీకు ప్రాక్టీసు, వాళ్ళకు క్రెడిట్లు."

"తప్పు గాదా సార్?"

"దొంగతనమేమన్నానా? కాలేజీయే చెబుతోంది కదా."

"మరి నాది?"

"నీదెక్కడికి పోతుంది? నువ్వు ఎప్పుడు రాసినా పాసే. నీది చివర్న రాద్దువుగానిలే."

బల్ల మీద ఐడీ కార్డులు పరిచి ఉన్నాయి. ఒకదాని మీద దీక్షిత్ అని ఉంది, ఇంకోదాని మీద పరమేశ్, ఇంకా ఎవరెవరివో పేర్లు. అన్నింటి మీదా ఫోటో తాహాదే. అన్ని కార్డుల్లోంచీ తన ముఖం తననే చూస్తుంటే తాహాకు వెన్ను జలదరించింది. కానీ నిజం చెప్పాలంటే దాని వెనకే కొంచెం గర్వం కూడా వేసింది. ఇందుకు అతడు ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఇంతమంది డిగ్రీలు తన బుర్ర మీద ఆధారపడ్డాయన్న ఊహే ఆ వయసుకు చాలింది.

అయినా మనసు కుదుటపడక ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. తాహెరా చాలాసేపు ఆలోచించింది. చదువు సంగతులు ఆమెకు తెలియవు. తెలిసినదల్లా తమ ఇంటి సంగతి. తాహా తాతయ్య తాజుద్దీన్ తన హజ్ తాను చేసుకొచ్చాక, సికింద్రాబాదులో ఒక సేటు కుటుంబం పంపగా, వాళ్ళ తండ్రి పేరు మీద మరోసారి మక్కా వెళ్ళివచ్చాడు. దాన్ని హజ్-ఎ-బదల్ అంటారు. ఒకరి బదులు ఇంకొకరు చేసే యాత్ర. పుణ్యం ఎవరి పేరు మీద చేస్తే వాళ్ళకు చేరుతుంది.

"మీ దాదా పరాయోళ్ళ పేరు మీద హజ్ జేసిరాలే? పాపమైతే ఆయన జేస్తడా? నువ్వు గూడ గట్లనే అనుకో బేటా. సవాబ్ వస్తది, పున్నెం."

పక్క అరుగు మీదే కూర్చున్న ఆ ముసలాయనను ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. అడగలేదు. ఆయన చేసిన పని తమకు తెలుసనుకున్నారు.

ఇక చక్రపాణి తర్ఫీదు మొదలైంది. పరీక్షలో ప్రశ్నలకు తాహాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. తర్ఫీదంతా పేర్ల గురించే. పుట్టినరోజు, తండ్రి పేరు, ఇంటి చిరునామా, సంతకం, ఇవన్నీ ఆలోచించకుండా నోటికి రావాలి. కంఠతా పట్టడం సులువే. కష్టమంతా ఇంకొకచోట ఉందని చక్రపాణికి తెలుసు. పరీక్ష కేంద్రం దగ్గర తెలిసినవాడెవడైనా "తాహా" అని పిలిస్తే ఇతడు తిరిగి చూస్తాడు. అంతటితో పట్టుబడిపోతారు. అందుకని రోజూ కాలేజీ వరండాలో తాహాను ముందు నడవమని, వెనకనుంచి తాను పిలిచేవాడు. "తాహా!" తల తిరిగితే మళ్ళీ మొదటినుంచి. "తాహా!" భుజం కదిలినా మళ్ళీ మొదటినుంచి.

కొన్నాళ్ళకు భుజం కూడా కదలడం మానేసింది. చక్రపాణి మెచ్చుకున్నాడు.

పరీక్ష కేంద్రంలో ప్రతిసారీ కెమెరా ముందు నిలబెట్టి ఫోటో తీస్తారు. పేరడుగుతారు, సంతకం పెట్టిస్తారు. తాహా వెళ్ళేవాడు, ఆ రోజుకు ఎవరైతే వాళ్ళుగా కూర్చునేవాడు, పాసై వచ్చేవాడు. మొదట్లో బయటికొచ్చాక ఆ పేరును చొక్కాలా విడిచేసేవాడు. పోను పోను అది కష్టమైంది. ఇంట్లో అన్నం తింటూ "నాకు పెరుగు పడదు" అన్నాడొకసారి. పెరుగు పడనిది పరమేశ్‌కు. అద్దంలో తల దువ్వుకుంటూ పాపిట కుడివైపు తీశాడు. ఎడమ పాపిట తప్ప ఎరగని పిల్లవాడు! తాహెరా గమనించింది, తావీజు తెచ్చి మెడలో కట్టింది. బస్టాపులో సంగతి జరిగింది ఈ రోజుల్లోనే.

ఒక ఆదివారం పొద్దున దీక్షిత్ మార్కుల కాగితం ఇచ్చిరావడానికి తాహా యాప్రాల్ వెళ్ళాడు. దీక్షిత్ అతడి క్లాసే. తండ్రి చలపతిరావు బ్యాంకు ఆఫీసరు, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి కంటోన్మెంటు పక్క కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. తాహా ఆ కాలనీకి వెళ్ళడం అదే మొదటిసారి. అయినా ఎవరినీ దారి అడగలేదు. చిరునామా ఎప్పుడో ఒంట్లో ఇంకిపోయింది. కాళ్ళు వాటంతటవే నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపు తిరిగాయి.

వరండాలో దీక్షిత్ నాయనమ్మ అమ్మడు గారు చిక్కుడుకాయలు వలుస్తున్నారు. ఆవిడ కళ్ళలో పొర కమ్మి చాలా రోజులైంది. గేటు చప్పుడుకు తలెత్తి, "వచ్చావురా దీక్షితూ? ఎండలో ఎక్కడికి తగలడ్డావు? కాళ్ళు కడుక్కో, అట్లు పోస్తాను" అన్నారు.

"ఇప్పుడే వస్తున్నా నాయనమ్మా" అన్నాడు తాహా.

ఆ యాస అతడిది కాదు. ఆ పిలుపు అతడి ఇంటిది కాదు. పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు, దండెం మీద తువ్వాలు తీసుకుని తుడుచుకున్నాడు. చేస్తున్నది తానేనని అతడికి తెలుస్తూనే ఉంది, ఆపడం మాత్రం చేతకావడం లేదు.

లోపలినుంచి అసలు దీక్షిత్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. 

"ఎవరితో మాట్లాడుతున్నావే నాయనమ్మా?"

ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగి, కళ్ళు చికిలించి అతణ్ని పైనుంచి కిందికి చూశారు. తర్వాత తాహా వైపు తిరిగి మెల్లగా, "ఎవర్రా ఆ అబ్బాయి? నీ స్నేహితుడా? లోపలికొచ్చి కూర్చోమను" అన్నారు.

ఇద్దరు కుర్రాళ్ళూ నవ్వలేకపోయారు. హాల్లో గోడ మీద అంతకుముందే వచ్చిన దీక్షిత్ సర్టిఫికెట్ అద్దాల ఫ్రేములో వేలాడుతోంది. మూలన గోరంత ఫోటో. అందులో ఉన్నది తాహా. "నాన్న రోజూ తుడుస్తారు దాన్ని" అన్నాడు దీక్షిత్ గొంతు తగ్గించి. "ఇంతవరకూ ఏమీ అనలేదు. ఆ ఫోటో నాదే అనుకుంటున్నారు." ఆ ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళే. పేరు చూసుకుని మురిసిపోతే ముఖం చూడాలన్న ధ్యాస ఎవరికి ఉంటుంది?

చివరికి తాహా వంతు వచ్చింది. తన క్రెడిట్లు తనకు రాకపోతే డిగ్రీ ఆగిపోతుంది. సొంత పేరు, సొంత కార్డు, సొంత సంతకం. సికింద్రాబాదులోని కేంద్రానికి తేలిక మనసుతో వెళ్ళాడు. ఈసారి భయపడవలసింది ఏమీ లేదు కదా!

కెమెరా వెలిగింది. బల్ల దగ్గరి అమ్మాయి తెర వైపు చూసింది, అతడి వైపు చూసింది, మళ్ళీ తెర వైపు చూసింది. ఒకే ముఖం వేరే పేరుతో వస్తే పట్టుకునే ఏర్పాటును ఆ కంపెనీవాళ్ళు ఈ మధ్యనే పెట్టారు.

"మీరు ఇంతకుముందు వచ్చారు" అందామె.

"లేదు మేడమ్. గిదే మొదటిసారి."

ఆమె తెరను అతడి వైపు తిప్పింది. వరుసలు వరుసలుగా అతడి ముఖాలు.  అన్నీ తనవే, ఏ ఒక్కటీ తనలా లేదు. దీక్షిత్ పేరు కింద ఉన్నవాడు గడ్డం కొంచెం పైకెత్తి నిలబడ్డాడు, దీక్షిత్ నిలబడినట్టే. పరమేశ్ పేరు కింద ఉన్నవాడు ఒక కన్ను చిన్నది చేశాడు, పరమేశ్ చూసినట్టే. ఆ ముఖాల కింద తాహా అన్న పేరు ఎక్కడా లేదు.

"ఈ ముఖం దీక్షిత్‌ది అని మా దగ్గర మొదట ఎక్కింది" అందామె ఇబ్బందిగా. "తాహా అనే మనిషి మాకు తెలీదండి. మీరు వెళ్ళండి, కాలేజీకి రాస్తాం."

ఈ సంగతి అతడు ఇంట్లో చెప్పలేదు. ఎలా చెబుతాడు? నేను నేనేనని ఒప్పించలేకపోయానని ఏ కొడుకు తల్లికి చెప్పగలడు?

ఆ వారంలోనే మేడ్చల్‌లో అతడి మేనత్త కూతురు అర్షియా నిఖా జరిగింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక షామియానా కింద మగవాళ్ళంతా చేరారు. వధువు తరఫు సాక్షుల్లో ఒకడిగా తాహాను కూర్చోబెట్టారు. ఇంట్లో పెద్ద చదువు చదివింది అతడే మరి. ఖాజీ గారు రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని అడిగారు.

"గవాహ్ పేరు?"

"దీక్షిత్" అన్నాడు తాహా.

ఖాజీ కలం ఆగింది. "ఏమిటీ?"

"దీక్షిత్. నాన్న పేరు చలపతిరావు. యాప్రాల్."

స్పష్టంగా, తడబాటు లేకుండా, తర్ఫీదు ఇచ్చినట్టే చెప్పాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రెండో మనిషి నవ్వలేదు. తండ్రి జాహిద్ పక్కనే కూర్చుని ఉన్నాడు. కొడుకు నోట తన పేరుకు బదులు ఇంకొకరి పేరు విని, చెంపదెబ్బ తిన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. తాహా మాత్రం అందరూ ఎందుకు ఊరుకున్నారో తెలియక చుట్టూ చూశాడు. తానేమన్నాడో అతడికే తెలియదు. తెర వెనక ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి. "సాయా పడ్డది పిల్లగాని మీద, గాలి సోకింది. దర్గాకు దీస్కపోవాలె జల్దీ."

ఇంకో సాక్షిని కూర్చోబెట్టి నిఖా జరిపించారు.  మర్నాడు పొద్దున తాజుద్దీన్ మడి దగ్గరికి మనవణ్ని వెంటబెట్టుకుపోయి, పాలకూర కోస్తూ కోస్తూ అడిగాడు.

"ఎవడు బేటా ఆ దీక్షిత్?"

తాహా ఏడ్చాడు. మొదటినుంచీ అంతా చెప్పాడు. వరండాలో నడక, కార్డులు, యాప్రాల్‌లో నాయనమ్మ పిలుపు, కెమెరా, తెర మీద ముఖాలు. తాహెరా కొత్తిమీర కట్టలు కడుతూ విన్నది, చేతులు ఆగిపోయాయి.

అంతలోనే దీక్షిత్ మోటారు సైకిలు వచ్చి గట్టు మీద ఆగింది. కంపెనీనుంచి కాలేజీకి ఉత్తరం వచ్చిందట. ఈ ముఖం అసలు ఎవరిదో ఆ మనిషే స్వయంగా వచ్చి కెమెరా ముందు చెప్పాలని అడిగారట. చక్రపాణి సార్ దానికీ ఉపాయం ఆలోచించాడు.

"నువ్వు ఇంకొక్కసారి నాలాగా వెళ్ళాలి తాహా" అన్నాడు దీక్షిత్ నేల చూపులు చూస్తూ. "ఆ ముఖం దీక్షిత్‌దే అని చెప్పు చాలు. మిగతా పేర్ల కింద ఫోటోలు మిషన్ పొరపాటున కలిసిపోయాయని సార్ రాసిస్తారు. నీ సబ్జెక్టుకు ఇంటర్నల్ మార్కులు వేసి గట్టెక్కిస్తానన్నారు. నీ డిగ్రీ నీకొస్తుంది. నాకు ఉద్యోగం వచ్చిందిరా. ఇది పోతే నాన్న తట్టుకోలేరు."

"అటెన్క?" అని అడిగింది తాహెరా. "అటెన్క మావోడు ఆడికి తాహా అని పోవచ్చునా?"

 అందరికీ తెలిసిపోయింది. ఇంకొక్కసారి చెబితే ఆ ముఖం ఎప్పటికీ దీక్షిత్‌దే. నిజం చెబితే దీక్షిత్ ఉద్యోగం, తాహా డిగ్రీ, అందరి క్రెడిట్లూ పోతాయి.

"నేనే జెప్పిన జెయ్యమని" అంది తాహెరా కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "మీరు బదల్ జేసిరాలేదా మామా? గట్లనే అనుకున్న."

తాజుద్దీన్ కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. దీక్షిత్‌ను దగ్గరికి పిలిచాడు.

"ఇటు జూడు బిడ్డా. నీ పేరు మీద మావోడు పరీక్ష రాసిండు. మంచిది. నీకేం రోగం?"

"రోగమా? ఏం లేదు తాతా."

"మంచంల పడ్డవా లేవరాకుండ?"

"లేదు."

"మరి సచ్చిపోయినవా?"

 ముసలాయన గొంతులో వెటకారం ఏ కోశానా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టుంది. అదే భయం పుట్టించింది.

"బదల్ అంటే గదే బిడ్డా. సచ్చిపోయినోళ్ళ కోసం జేస్తరు. లేకుంటే ఇగ మంచం దిగరని తేలినోళ్ళ కోసం. సేటు వాళ్ళ అబ్బా మట్టిల కల్సినంకనే ఆయన పేరు మీద నన్ను తోలిన్రు. నీకు కాళ్ళున్నయ్, చేతులున్నయ్, మస్తు చదువున్నది. బతికున్న పోరని పేరు మీద బదల్ జేస్తే ఏమైతది? నిన్ను సచ్చినోళ్ళల్ల లెక్కగట్టినట్టు. మీ నాయనమ్మ కండ్లు ఊకెనే మోసపోలే."

తర్వాత మనవడి వైపు తిరిగాడు.

"నువ్వింకో తప్పు జేసినవ్ బేటా. ముందు నా హజ్ నేను జేస్కున్న. అటెన్కనే పరాయోని పేరు మీద పోయిన. నీది నువ్వు జేస్కోకుండ ఇంకోని కోసం పోవద్దని మా పెద్దలు జెప్పిన్రు. ఎందుకో నాకప్పుడు సమజ్ గాలే. నిన్న నిఖాల సమజైంది. తన పేరు మీద ఒక్కసారి గూడ నిలబడనోడు ఇంకోని పేరు మీద నిలబడితే, తిరిగొచ్చేందుకు వానికి ఇల్లు ఉండదు."

 కాసేపటికి దీక్షిత్ బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

పిలిచిన రోజున తాహా సికింద్రాబాద్ వెళ్ళాడు. తాత కూడా వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల తన నోరు ఏమంటుందోనని తాహాకు భయం. డిగ్రీ పోతుందన్న భయం కన్నా ఆ భయమే పెద్దదైంది. కెమెరా వెలిగింది. తెర మీద అతడి ముఖం తేలింది. దాని కింద అక్షరాలు సిద్ధంగా ఉన్నాయి: దీక్షిత్.

"మీ పేరు చెప్పండి" అందా అమ్మాయి.

"దీ..."

నాలుక దానంతటదే ఆ వైపు పోయింది. అతడు పళ్ళు బిగించి ఆపాడు. తన పేరు కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. చీకటి గదిలో తడుముకున్నట్టు, చేతికి అందినదాన్ని ముందు పట్టుకున్నాడు.

"మా అబ్బా... మా అబ్బా పేరు జాహిద్. శామీర్‌పేటల కొత్తిమీర పండిస్తడు. మా అమ్మీ తాహెరా. నేను వాళ్ళ కొడుకును." చెమట కారిపోతోంది. "తాహా. నా పేరు తాహా. మీ తాన ఉన్న ఆ ముఖాలన్నీ నావే. ఆ పేర్లల్ల ఒక్కటి గూడ నాది గాదు."

తలుపు దగ్గర అలికిడి అయింది. దీక్షిత్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. నేరుగా వచ్చి తాహా పక్కన నిలబడ్డాడు.

"దీక్షిత్‌ని నేనండి" అన్నాడు. "నేను ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి."

కెమెరా అతణ్ని కూడా చూసింది. తెర మీద చాలాసేపు ఏ పేరూ పడలేదు. ఆ యంత్రానికి అతడెవరో తెలియదు.

తర్వాత జరిగింది కష్టమే, దాచను. కంపెనీ వాళ్ళు తాహాను తమ పరీక్షలకు ఇక రావద్దన్నారు. కాలేజీ అందరి క్రెడిట్లూ రద్దు చేసింది. దీక్షిత్ ఉద్యోగం పోయింది. చలపతిరావు నెల్లాళ్ళు కొడుకుతో మాట్లాడలేదు. ఇద్దరు కుర్రాళ్ళూ మరుసటి ఏడు జూనియర్లతో కలిసి వెనక బెంచీలో కూర్చుని, ఆ ఒక్క సబ్జెక్టును మొదటినుంచి చదివి, ఎవరి పరీక్ష వాళ్ళు రాసి డిగ్రీ తెచ్చుకున్నారు. తాహాకు మంచి మార్కులొచ్చాయి, దీక్షిత్‌కు బొటాబొటీగా వచ్చాయి. చక్రపాణి గారు అదే రోడ్డు మీద ఇంకో కాలేజీలో కో-ఆర్డినేటరుగా చేరారని విన్నాను. అక్కడ కూడా హోర్డింగు లేచిందట.

తాహాకు తన పేరు పూర్తిగా చేతికి రావడానికి చాలా నెలలు పట్టింది. కంపెనీ వాళ్ళు రికార్డులోంచి ఆ దొంగ పేర్లన్నీ తీసేశారు కానీ, ముఖాలు మాత్రం తీసేయలేదట. ఏ పేరూ లేని ఆ ముఖాలు ఇప్పటికీ ఎక్కడో ఒక యంత్రంలో, గడ్డం పైకెత్తి ఒకటి, కన్ను చిన్నది చేసి ఒకటి, పిలుపు కోసం చూస్తూ ఉన్నాయి.

తల్లులారా, తండ్రులారా! మీ పిల్లవాడి సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించే ముందు అందులో ముఖం ఎవరిదో చూడండి. పాఠాలు చెప్పే పెద్దలారా! బయట నేర్చిన విద్యకు క్రెడిట్లు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి, కానీ నేర్చినవాడికే ఇవ్వండి. రాని విద్యకు కాగితం తెచ్చుకున్నవాడూ, వచ్చిన విద్యను ఇంకొకరి పేరు మీద రాసిచ్చినవాడూ, ఇద్దరూ బతికి ఉండగానే తమ పేరును తామే పాతిపెట్టుకుంటున్నారు.